కన్సర్ట్‌లో మన చోటు ఎంతవరకు మనది?

కార్వేటినగరం నుంచి మాట్లాడుతున్నా. మీలో చాలామంది చెన్నైకో బెంగళూరుకో లైవ్ కన్సర్ట్‌కి పోవాలని చూస్తుంటారు. అక్కడ ముందు చోటు ఎలా పట్టాలి, పట్టినదాన్ని ఎలా నిలుపుకోవాలి, ఎప్పుడు వదిలెయ్యాలి. ఈరోజు ఈ మూడూ మాట్లాడుకుందాం. మూడోది నేను తప్పు చేసి నేర్చుకున్నా.

మన చిత్తూరు వైపు భారతం చూసే ఉంటారు కదా. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. పొద్దు గుంకకముందే మా అవ్వ నా చేతికి గోనెపట్ట ఇచ్చి పంపేది. పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి వచ్చేస్తే చాలు. అన్నం తిని పోయేసరికి చోటు అట్లనే ఉండేది. ఎవరైనా కూర్చుంటే పక్కవాళ్లే లేపేవాళ్లు. ఎందుకంటే అందరూ తెలిసినవాళ్లు, అందరూ కూర్చునేవాళ్లు.

అదే అర్జున తపస్సు రోజు చూడండి. మాను పైనుంచి నిమ్మకాయలు విసరగానే అందరూ లేచి ఎగబడతారు. మన గోనెపట్ట ఎవరి కాళ్ల కింద ఉందో కూడా తెలీదు. స్టాండింగ్ కన్సర్ట్ మొదటి నుంచి చివరిదాకా అట్లాంటిదే. మీరు కొన్నది లోపలికి పోయే టికెట్, ఫలానా చోటు కాదు. మీ కాళ్లు ఉన్నంతసేపే అది మీది.

కాబట్టి ముందు చోటు కావాలంటే ముందు రావాలి. అంతకుమించి దారి లేదు. తిండి, నీళ్లు, బాత్రూమ్ అన్నీ ముందే చూసుకోండి. ఫ్రెండ్ ఒకడు బాత్రూమ్‌కి పోయొస్తే చోటు ఉంచడం న్యాయమే. ఒకడు నిలబడి, ఆలస్యంగా వచ్చే పదిమందిని ముందుకు లాక్కోవడం న్యాయం కాదు. తిరిగి వచ్చేటప్పుడు పక్క నుంచి, "అన్నా, మా వాళ్లు అక్కడున్నారు" అని చెప్పి రండి. బ్యాగు కింద పెట్టి చోటు పట్టొద్దు, ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. పాట మొత్తం ఫోన్ పైకెత్తి పట్టుకుంటే వెనకవాళ్లకు కనిపించేది మీ స్క్రీనే. మధ్యలో కుర్రాళ్లు గుండ్రంగా జాగా చేసుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఎగురుతుంటారు. ఇష్టం లేకపోతే అంచుకు జరగండి. అక్కడ ఎవరు పడినా వెంటనే లేపాలి, అదే వాళ్ల మొదటి రూలు.

ఇప్పుడు అసలు విషయం. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ది హూ' బ్యాండ్ షో. చాలా టికెట్లకు సీటు నంబర్లు లేవు, ముందొచ్చినవాళ్లదే ముందు చోటు. తెరిచిన తలుపులు కొన్నే. షో మొదలైపోయిందనుకుని వెనకవాళ్లు తోశారు. బయటే 11 మంది చనిపోయారు. అంత దూరం ఎందుకు? 2025 జనవరి 8న మన తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. రాక్ షో అయినా దేవుడి దర్శనం అయినా గుంపు ఒకే తీరుగా నడుస్తుంది. వెనక తోసేవాడికి ముందు ఏం జరుగుతోందో కనిపించదు.

తొక్కిసలాట అంటాం గానీ, ఇట్లాంటి చోట్ల చాలామంది నిలబడే ఊపిరాడక పోతారు. ఊపిరి పీల్చాలంటే ఛాతీ ఉబ్బాలి. చుట్టూ మనుషులు నొక్కేస్తే ఉబ్బడానికి చోటుండదు. చదరపు మీటరులో ఐదారుగురు దాటితే ప్రమాదం మొదలైనట్టే. లెక్కపెట్టలేం కదా, అందుకే ఈ గుర్తు పెట్టుకోండి: మీరు అడుగు వెయ్యకుండానే మీ ఒళ్లు కదులుతోందంటే వెంటనే బయటపడాలి.

నేను ఆ గుర్తును పట్టించుకోలేదు. ఒక షోకి మా పిన్ని కూతుర్ని తీసుకుపోయినా. మధ్యాహ్నం రెండింటికే పోయి బారికేడ్ దగ్గర చోటు పట్టినాం. రెండో పాటకు వెనక నుంచి తోపు మొదలైంది. పాప నా చెయ్యి గట్టిగా పిసికింది. "ఇంకొక్క పాట" అన్నాను. ఆరు గంటలు కాచుకున్న చోటు కదా! పక్కనున్న ఒకాయన, "పాటలు తర్వాత తమ్ముడూ, ముందు పాప ముఖం చూడు" అన్నాడు. చూస్తే పెదాలు తెల్లబడినాయి. ఆయనే బారికేడ్ మీదుగా సెక్యూరిటీ వాళ్లకు అందించాడు. నీళ్లు తాగి కాసేపటికి తేరుకుంది. అంత గోలలో ఆ పిల్ల అరిచినా వినబడదు, చేతనైంది చెయ్యి పిసకడమే. నేను దానికి కూడా లెక్క చెప్పినా.

అందుకే, తోపులో ఉంటే చేతులు ఛాతీ ముందు మడిచి పెట్టుకోండి, ఊపిరికి అంత జాగా మిగులుతుంది. ఎదురు తోయొద్దు. తోపు కాస్త తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకు జరగండి. ఫోన్ పడిపోతే వంగొద్దు, పోనీండి. మనిషి పడితే మాత్రం నలుగురూ కలిసి లేపండి, వెనక్కి జరగమని వెనక్కి కేకలు పంపండి.

వెనక నుంచి కూడా పాట అదే పాట. ఆ రోజు మిగతా షో మేమిద్దరం గేటు పక్కన కూర్చుని విన్నాం. బాగానే వినబడింది.

మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. పోయిరండి, జాగ్రత్తగా తిరిగిరండి.