పర్వతారోహణము: భయము, ఉత్సాహము, సాహచర్యము

2014 మే 25వ తేదీని, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమారును 8,848 మీటర్ల ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొనుచున్న ఆ యిరువురిలో పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లైనను నిండలేదు. లోకము వారి గుండెనిబ్బరమును వేనోళ్ల కొనియాడినది; మనస్తత్త్వశాస్త్రము మాత్రము, ఆ నిబ్బరము పుట్టుకతో వచ్చినదా, అభ్యాసముచే అలవడినదా యని ప్రశ్నించును.

ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రకటించిన సిద్ధాంతము ననుసరించి, ‘ఈ పని నేను చేయగలను’ అను నమ్మకమునకు మూలములు నాలుగు: స్వయముగా సాధించిన చిన్న విజయములు, తనవంటివారు సాధింపగా చూచుట, విశ్వాసపాత్రుల ప్రోత్సాహము, తన దేహమందలి కలవరమును సరిగా గ్రహించుట. వీనిలో మొదటిదే బలవత్తరము. శిక్షకుడు శేఖర్ బాబు బాచినేపల్లి ఈ పిల్లలకు తొలిపాఠములను భువనగిరి ఏకశిలపై నేర్పి, పిదప డార్జిలింగు, లడఖ్ మంచుకొండలకు పంపుటలోని మర్మమిదియే.

ఆ రాతిపై జరుగు శిక్షణను దగ్గరగా చూడుడు. ఎక్కువాని నడుమునకు కట్టిన త్రాటి రెండవ కొస తోడివాని చేతిలో నుండును. ఎక్కినకొలది వదులును లాగుకొనుచు, జారిన తత్క్షణము బిగబట్టుట వాని పని. ఎక్కుటకు ముందు ఒకరి ముడిని మరియొకరు తడవి చూచుకొందురు. కాలుజారి గాలిలో వ్రేలాడియు, త్రాడు బిగియుటచే క్రింద పడనని యెరిగిన పిల్లవానికి భయము పూర్తిగా పోదు. కాని పడిపోవుదునన్న తలపు తగ్గి, తరువాత కాలెక్కడ మోపవలెనన్న తలపు పుట్టును.

భయము బొత్తిగా లేకుండుటయు మంచిది కాదు. యెర్క్స్, డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు 1908లో ఎలుకలపై జరిపిన పరీక్షలలో, ఉద్రేకము మితముగా నున్నప్పుడే కఠినమైన పాఠము త్వరగా పట్టుబడుననియు, అది మితిమీరిన నేర్పు కుంటువడుననియు తేలినది. ఎవరెస్టు శిఖరసమీపమున ఈ చిక్కు ఇబ్బడి యగును. అచ్చటి వాయుపీడనము సముద్రమట్టమున నుండుదానిలో మూడవవంతు మాత్రమే. ప్రాణవాయువు చాలక మెదడు మందగించును, నిర్ణయము తడబడును. అంతకంటె అపాయకరమైన దేమన, తన బుద్ధి మందగించిన సంగతి ఆ బుద్ధికే తోచకపోవుట. కావున అట్టియెడ తోడివాని కన్నే తన వివేకమునకు కాపుదల.

ఆ కాపుదల నోరు విప్పినప్పుడే పనికివచ్చును. 1996 మేలో ఎవరెస్టుపై ఒక్క తుపానులో ఎనిమండుగురు మరణించిరి. వెనుదిరుగుటకు ముందే పెట్టుకొన్న వేళ మించినను కొందరు పైకే సాగిరి. విరివిగా ధనము వెచ్చించి, నెలల తరబడి శ్రమించి, శిఖరము కనుచూపుమేరలో నిలిచిన వేళ ‘ఇక చాలు’ అనుట మనుష్యునికి దుస్సహము. నాయకుని మాటకు ఎదురాడుట అనుచరునికి అంతకంటె దుస్సహము. ఉత్సాహమే ఉరిత్రాడగుట యిట్లే.

నైపుణ్య మెంత యున్నను, తోడివాని కాపుదల యుండవలెనను నియమము సడలదు. ఏడు ఖండముల మహాశిఖరములను 2006లో 172 దినములలో అధిరోహించిన నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్ బాబు, 2015లో ఆండీస్ పర్వతములపై ఒంటరిగా నుండి మరణించెను.

ప్రేరణ విషయమున డెసి, ర్యాన్ అను పండితులు చెప్పినది యిక్కడ చక్కగా అన్వయించును: తన యిచ్ఛతో పూనినది, తన సామర్థ్యము పెరుగుట చూపునది, తోడివారితో బంధము కల్పించునది యగు కార్యమునందే మనస్సు చిరకాలము నిలుచును. బిరుదుకో, వార్తకో పూనిన కార్యమున, వెనుదిరుగుట అవమానమని తోచును.

మొగుళ్లపల్లి సమీపమున, రేగొండ చెంతనున్న పాండవుల గుట్టపై త్రాళ్లు పట్టి ఎక్క నేర్చు పిల్లల గురువులు గ్రహింపవలసిన దిదియే. ‘నాకు భయముగా నున్నది, దిగుదును’ అని బాలుడు సిగ్గుపడక చెప్పగల జట్టులోనే, ‘నేను పట్టుకొందును, ఎక్కుము’ అన్న మాటకు విలువ యుండును. పైకెక్కువారి సంఖ్యతో గాక, సకాలమున దిగి వచ్చినవారిని గౌరవించు తీరుతోనే మంచి శిక్షణశాల గుర్తింపబడును.