దానం పుచ్చుకొనే వారి నియమాలు: గోల్‌మురి విద్యార్థి సహాయనిధుల నేపథ్యంలో

జంషెడ్‌పూర్ నగరంలోని గోల్‌మురి తగరపు రేకుల కర్మాగారం చుట్టూ పెరిగిన ప్రాంతం. బర్మా ఆయిల్, టాటా సంస్థల భాగస్వామ్యంతో 1920లో ఏర్పడిన టిన్‌ప్లేట్ కంపెనీ ఇక్కడ కిరోసిన్ డబ్బాలకు కావలసిన రేకును తయారుచేసింది. 1929లో ఇక్కడి కార్మికులు నెలల తరబడి సమ్మె సాగించారు. 2024లో ఆ కంపెనీ టాటా స్టీల్‌లో విలీనమైంది. కార్మిక నాయకుడు అబ్దుల్ బారీ స్మారకంగా వెలసిన కళాశాల కూడా గోల్‌మురిలోనే ఉన్నది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి ఉపాధి వెదుక్కొంటూ జంషెడ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాలలో ఇప్పుడు మూడవ, నాలుగవ తరాలవారు చదువుకొంటున్నారు.

ఇటువంటి చోట పేద విద్యార్థుల కొరకు సహాయనిధి పెట్టుకొన్నవారికి ‘ఎంత వసూలవుతుంది’ అన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది. ‘ఎవరి వద్ద పుచ్చుకోవచ్చు, ఏ షరతు మీద పుచ్చుకోరాదు’ అన్నది మాత్రం సాధారణంగా డబ్బు చేతికి వచ్చిన తరువాతనే స్ఫురిస్తుంది. అప్పటికి ఫీజు కట్టవలసిన గడువు దగ్గరపడి ఉంటుంది. దాత పేరు ఆహ్వానపత్రికలో అచ్చయి ఉంటుంది. ఆ స్థితిలో జరిగేది విచారణ కాదు, సమర్థన.

గోల్‌మురికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కూడ ఉన్నది. జంషెడ్‌పూర్‌లో ప్రభుత్వం నుండి భూమిని కౌలుకు పొందినది ఉక్కు సంస్థ. నీరు, విద్యుత్తు, వీధుల పారిశుధ్యం చాలవరకు ఆ సంస్థకు చెందిన విభాగాల చేతిలోనివి. వేలమందికి జీతమిచ్చేదీ అదే. ఆ కుటుంబానికి విద్యాదానంలో మంచి చరిత్ర ఉన్నదన్నది నిర్వివాదం. జంషెడ్‌జీ టాటా 1892లో నెలకొల్పిన విద్యానిధి ఉన్నత చదువులకు ఇచ్చే ధనాన్ని తిరిగి చెల్లించే రుణంగా ఇచ్చింది, విద్యార్థిని యాచకునిగా నిలబెట్టలేదు. అయినా యజమాని, భూమి గలవాడు, దాత ఒక్కరే అయినచోట దానాన్ని నిరాకరించడం గాని, దాతను ప్రశ్నించడం గాని తేలిక కాదు. నిధి కార్యవర్గంలోని వారు ఆ సంస్థ ఉద్యోగులే అయి ఉండవచ్చు. విద్యార్థి తండ్రి అక్కడి కాంట్రాక్టరు కింద కూలికి పనిచేస్తూ ఉండవచ్చు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ అక్కరలేదు. అమరిక వల్లనే నోరు కట్టుబడుతుంది.

తెలుగునాట పూర్వం ‘వారాలు చేసుకొని’ చదువుకొన్న విద్యార్థుల పద్ధతిలో ఈ చిక్కుకు ఒక విరుగుడు ఉండేది. ఏడు రోజులకు ఏడు ఇళ్లు. ఏ ఇంటికీ ఆ పిల్లవానిపై పూర్తి హక్కు లేదు. ఒక ఇంటివారు అలిగితే పస్తు ఒక్క రోజే. ఆ ఏర్పాటు చాలవరకు కులం గీతల లోపలే సాగిందన్నది దాచదగిన విషయం కాదు. కాని దాని నిర్మాణం భిక్షువు పిండపాతానికి దగ్గరగా ఉన్నది. ఇల్లు దాటవేయకుండా వరుసగా వెళ్లే భిక్షువు ఒక్కొక్క గడపలో ఒక్కొక్క గరిటె పుచ్చుకొంటాడు. ఏ గృహస్థుడూ అతనికి పోషకుడు కాజాలడు. సహాయనిధి తన ఆదాయంలో ఒక దాత వాటా ఇంతకు మించరాదని ముందే నిర్ణయించుకోవడం ఈ పాత ఏర్పాటుకు నేటి రూపమే.

ఇక దాత ఎవరన్న ప్రశ్న. వినయ సాహిత్యాన్ని ఈ దృష్టితో చదివేవారికి మొదట ఆశ్చర్యం కలుగుతుంది. దాత ధనం ఎట్లా వచ్చిందన్న విచారణ అందులో ప్రధానం కాదు. వైశాలిలో గణిక అంబపాలి పిలిచిన భోజనానికి బుద్ధుడు అంగీకరించాడు. తరువాత లిచ్ఛవులు వచ్చి ఆహ్వానించినపుడు ముందు ఇచ్చిన మాటను మార్చుకోలేదు. ఆమె మామిడితోపును సంఘం స్వీకరించింది. అయితే నిరాకరణకు విధానం లేకపోలేదు. చుల్లవగ్గలోని ‘పత్తనిక్కుజ్జన’ కర్మ, అనగా పాత్రను బోర్లించడం, అటువంటిది. వడ్ఢుడనే లిచ్ఛవి ఇతరుల ప్రేరణతో దబ్బ మల్లపుత్త థేరునిపై అబద్ధపు నింద వేసినపుడు సంఘం అతని దానాన్ని పుచ్చుకోరాదని తీర్మానించింది. అతడు తప్పు ఒప్పుకొన్న తరువాత పాత్రను మరల నిలబెట్టింది.

ఇక్కడ గమనింపదగినవి మూడు. నిరాకరణకు కారణాలు ముందే చెప్పబడినవి: భిక్షువుల లాభానికి, నివాసానికి భంగం చేయచూడడం, వారిని దూషించడం, వారిలో భేదం పుట్టించడం మొదలైనవి. నిర్ణయం ఒక వ్యక్తి ఇష్టాయిష్టాలది కాక సంఘానిది. పైగా అది శాశ్వతమైన బహిష్కారం కాదు. దాత శీలాన్ని తూచడం కంటె, పుచ్చుకొనేవారి పట్ల అతని ప్రవర్తనను చూడడం ఈ పద్ధతిలోని సారం. వడ్డీ వ్యాపారి డబ్బు మంచిదా చెడ్డదా అన్న చర్చకు అంతుండదు. కాని అదే వడ్డీ వ్యాపారికి ఆ విద్యార్థి కుటుంబం బాకీపడి ఉన్నదా అన్న ప్రశ్నకు ఒక సాయంత్రంలో సమాధానం దొరుకుతుంది.

అయితే విద్యార్థి నిధి ఒక విషయంలో సంఘం కంటె కఠినంగా ఉండవలసి ఉన్నది. భిక్షువు అన్నీ విడిచినవాడు; అతని పేరును వాడుకొని సరుకు అమ్ముకోవడం కష్టం. విద్యార్థి అట్లా కాదు. అంగుత్తర నికాయం ఉపాసకులకు తగని వర్తకాలుగా ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం అనే ఐదింటిని చెప్పింది. అది అమ్మేవానికి చెప్పిన నియమమే గాని పుచ్చుకొనేవానికి కాదు. ఐనా కార్మిక బస్తీలో జీతం రోజున తండ్రి కూలిని తీసుకొన్న మద్యం దుకాణం, అదే ఇంటి పిల్లకు పుస్తకాలు కొనిపెట్టి ఫొటో తీయించుకోవడాన్ని నిధి అంగీకరించడం తగదు. హాని పొందిన ఇల్లు, సహాయం పొందే ఇల్లు ఒకటే అయినపుడు ఆ దానం నష్టపరిహారంలో కొద్ది భాగం మాత్రమే. దానిని ఔదార్యంగా ప్రకటించడం అసత్యమవుతుంది.

అడిగే తీరుకు కూడ నియమం కావాలి. ఆళవిలోని భిక్షువులు కుటీరాలు కట్టుకొంటూ మనిషిని ఇమ్మని, ఎద్దును ఇమ్మని, బండిని, గొడ్డలిని ఇమ్మని ఎడతెగక అడిగారట. చివరకు జనం భిక్షువులు కనబడితే దారి మళ్లారు. ఆవును చూసి కూడ భిక్షువనుకొని పరుగెత్తారని వినయం చెపుతుంది. మహాకస్సప థేరుడు ఆ ఊరికి వచ్చి ఈ సంగతి గమనించిన పిమ్మట, యాచించి కట్టుకొనే కుటీరానికి కొలత, స్థలానికి ఇతర భిక్షువుల అనుమతి విధింపబడినవి. పండుగ చందా పుస్తకాలతో ఏడాది పొడవునా తలుపు తట్టే మన సంఘాల వారికి ఈ కథ నవ్వు తెప్పించకపోవచ్చు.

దీనికి తోడైనదే ‘సేఖ’ కుటుంబాల నియమం. సావత్థిలో శ్రద్ధ పెరిగి సంపద తరిగిన ఒక కుటుంబం ఉన్నదంతా దానం చేసి తాము పస్తులుండేది. అటువంటి ఇళ్లను సంఘం తీర్మానం ద్వారా గుర్తించాలని, పిలుపు లేకుండ, అనారోగ్యం వంటి కారణం లేకుండ అక్కడ భోజనం పుచ్చుకోరాదని పాటిదేసనీయ శిక్షాపదం ఏర్పడింది. దానాన్ని స్వీకరించే ఆధునిక నియమావళులు ఎక్కువగా పెద్ద దాతను అనుమానిస్తాయి. చిన్న దాతను కాపాడాలన్న తలంపు వాటిలో అరుదు. గోల్‌మురిలో ఒక విశ్రాంత కార్మికుడు పింఛను నుండి తన శక్తికి మించిన మొత్తం రాసి ఇస్తే, ఇంట్లోవారితో మాట్లాడి దానిని తగ్గించవలసిన బాధ్యత నిధి నిర్వాహకులదే.

ప్రాయోజకత్వం వేరు, దానం వేరు. ఈ భేదాన్ని ప్రభుత్వ నియమాలు కూడ గుర్తించినవి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను కింద నిర్ణీత స్థాయి గల కంపెనీలు గత 3 సంవత్సరాల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. కాని తమ సరుకు ప్రచారానికి లాభం కలిగే ప్రాయోజక కార్యక్రమాలపై పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకి రాదని 2021లో సవరించిన నియమాలు స్పష్టం చేసినవి. చట్టమే ప్రకటన అన్నదానిని సహాయనిధి దానమని పిలవనక్కరలేదు. కోచింగ్ కేంద్రం ఒకటి పది మందికి ఫీజు కడతానంటూ, వారిలో మంచి ర్యాంకు వచ్చినవారి ఫొటోలు గోడల మీద వేసుకొనే హక్కు అడిగిందనుకొందాం. దానికి ధర నిర్ణయించి, విద్యార్థికీ తల్లిదండ్రులకూ చెప్పి, వారు కాదంటే సహాయం ఆగదని రాసి ఇచ్చిన తరువాతనే ఒప్పందం చేసుకోవాలి. అంత చేసేటప్పటికి చాలమంది ప్రాయోజకులు తప్పుకొంటారు. తప్పుకొన్నవారి ఉద్దేశం అప్పుడు తెలుస్తుంది.

దాత పేరు చెక్కడం మనకు కొత్త కాదు. అమరావతి స్తూపానికి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించిన చర్మకారుడు విధికుని పేరు నేటికీ చదువగలం. నాగార్జునకొండలో ఉపాసిక బోధిశ్రీ శాసనం మరింత ఉపయోగకరమైనది. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరం నాటి ఆ శాసనం ఆమె ఎక్కడెక్కడ ఏమేమి కట్టించినదో వరుసగా చెప్పి, పని జరిపించిన ముగ్గురు నవకమ్మికులైన చందముఖ, ధమ్మనంది, నాగ థేరులను, రాతిపని చేసిన విధికుని కూడ పేర్కొన్నది. ఇచ్చినవారు, ఖర్చుకు బాధ్యులు, పనిచేసినవారు ముగ్గురూ ఒకే రాతిపై ఉన్నారు. నేటి శిలాఫలకాలలో మొదటివారు మాత్రమే మిగిలారు. ఆ శాసనంలో లబ్ధిదారుని ఫొటోకు సాటియైనది ఏదీ లేదన్నది గమనార్హం. విహారం ఏ ఆచార్యుల కొరకో ఉన్నది గాని, భోజనం పెట్టిన భిక్షువుల జాబితా లేదు. విద్యార్థుల పేర్లు, చిరునామాలు, కులం దాతకు పంపరాదన్న నియమం అక్కడినుండే గ్రహించవచ్చు.

గుప్తదానాన్ని గొప్పగా చెప్పుకొనే సంప్రదాయం మనది. దానిని గౌరవించవచ్చు, కాని దాత లోకానికి గుప్తుడు కావచ్చు గాని లెక్కల పుస్తకానికి కారాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80జి రాయితీకి 2,000 రూపాయలు మించిన నగదు దానం పనికిరాదన్న నియమం చేరినది. విదేశీ ధనం విషయంలో పొరపాటు మరింత సులభం. అమెరికాలో స్థిరపడిన మేనల్లుడు భారత పౌరసత్వం ఉంచుకొంటే అతని సొంత సంపాదన నుండి ఇచ్చిన దానం విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకొన్న మరునాటి నుండి అదే మనిషి ఇచ్చేది 2010 నాటి విదేశీ విరాళాల చట్టం పరిధిలోకి వస్తుంది. అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధానశాఖలో ఖాతా లేకుండ సంస్థ దానిని ముట్టరాదు. బంధుత్వం అట్లాగే ఉన్నదిగదా అని అనుకోవడం వల్ల చిన్న సంఘాలు చిక్కులలో పడతాయి.

పుచ్చుకొన్న తరువాతి బాధ్యతకు ఆనందుని సమాధానం ప్రసిద్ధం. ఉదేన రాజు అంతఃపుర స్త్రీలు ఐదు వందల చీవరాలు ఇచ్చారని విని, అన్నిటిని ఏమిచేస్తారని రాజు ప్రశ్నించాడు. చిరిగిన చీవరాలవారికి పంచుతామని, పాతవి పరుపులపై దుప్పట్లకు, అవి పాతబడితే పరుపు తొడుగులకు, ఆపై నేలపరుపులకు, కాళ్లు తుడుచుకొనే గుడ్డలకు, దుమ్ము తుడుపులకు, చివరకు ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుటకు వాడుతామని ఆనందుడు చెప్పాడు. రాజు ప్రశ్నను అవమానంగా తీసుకోలేదు; ధర్మంపై ఉపన్యాసమూ చెప్పలేదు. లెక్క చెప్పాడు. భిక్షుణుల శిక్షాపదాలలో ఒక పనికి ఇచ్చినదానిని మరొక పనికి మార్చరాదన్న నియమం ఉన్నది. ఫీజుల కొరకు వచ్చిన డబ్బుతో వార్షికోత్సవ వేదిక వేయడం ఈ నియమానికే భంగం.

ఇంకొక సూక్ష్మమైన నియమం నిస్సగ్గియాలలో పదవది. చీవరానికై దాత పంపిన ధనం సేవకుని వద్ద ఉండిపోతే భిక్షువు మూడుసార్లు మాటతో గుర్తుచేయవచ్చు, ఆరు పర్యాయాల వరకు మౌనంగా నిలుచుండవచ్చు. అప్పటికీ రాకపోతే దాతకు కబురు చేయాలి: మీరు పంపినది నాకు ఉపయోగపడలేదు, మీది మీరు తీసుకోండి, పోగొట్టుకోకండి అని. వైఫల్యాన్ని దాతకు తెలుపడం ఇక్కడ మర్యాద కాదు, విధి.

తప్పుగా పుచ్చుకొన్న దానాన్ని ఏమి చేయాలన్నది అన్నిటికంటె కష్టం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు లిబియా పాలకుని కుమారుడు సైఫ్ గద్దాఫీ నడిపిన సంస్థ 15 లక్షల పౌండ్లు వాగ్దానం చేసి 3 లక్షలు చెల్లించింది. 2011 మార్చిలో దాని డైరెక్టర్ హోవర్డ్ డేవిస్ రాజీనామా చేశారు. ఆ సంవత్సరాంతంలో వెలువడిన వూల్ఫ్ నివేదిక దానాల పరిశీలనలోని లోపాలను ఎత్తిచూపింది. పుచ్చుకొన్నంత మొత్తాన్ని ఉత్తర ఆఫ్రికా విద్యార్థుల ఉపకారవేతనాలకు కేటాయిస్తామని ఆ సంస్థ నిర్ణయించుకొన్నది. దానికి సొంత నిధులున్నవి గనుక అది సాధ్యమైంది. గోల్‌మురిలోని చిన్న నిధి దాతకు డబ్బు తిప్పి పంపితే రెండవ సంవత్సరంలో ఉన్న విద్యార్థి చదువు ఆగుతుంది.

నాసిక్ గుహలో ఉషవదాతుని అక్షయనీవి శాసనం ఈ సమస్యకు దారి చూపుతుంది. గోవర్ధనంలోని నేతపనివారి శ్రేణులలో 3,000 కహాపణాలు ఉంచి, 2,000పై నెలకు నూటికి 1 చొప్పున, 1,000పై నూటికి ముప్పాతిక చొప్పున వడ్డీ నిర్ణయించాడు. అసలు ముట్టరాదు. మొదటి వడ్డీ ఏటికి 240 అవుతుంది. ఇరవైమంది భిక్షువులకు తలకు 12 చొప్పున చీవరాలకు సరిగ్గా అంతే ఖర్చని శాసనం చెపుతుంది. ఆ ఏర్పాటు నిగమసభలో వినిపించబడి, నమోదు చేయబడినది. విద్యార్థిని చేర్చుకొనే ముందే అతని చదువు పూర్తయ్యేవరకు కావలసిన ఫీజును ఈ పద్ధతిన వేరుగా కట్టిపెట్టిన నిధికి, రేపు ఏ దాత విషయంలో పాత్రను బోర్లించవలసి వచ్చినా విద్యార్థి పేరు ఆ తీర్మానంలో ప్రస్తావించవలసిన పని ఉండదు.