పాల బండి చక్రాల బోల్టులు - తీసుకోవలసిన జాగ్రత్తలు

పాల సేకరణ అనగానే సభ్యులకు వెన్న శాతం, కొలత, క్యాన్ల శుభ్రత గుర్తుకు వస్తాయి. ఆ పాలను శీతలీకరణ కేంద్రానికి చేర్చే పికప్ బండి చక్రాల సంగతి ఎవరికీ గుర్తు రాదు. నిజం చెప్పాలంటే మాకూ రాలేదు. ఒక సంఘంలో జరిగిన ప్రమాదం తరువాతనే ఈ విషయంపై మా దృష్టి మళ్ళింది.

వేసవిలో ఒకనాటి ఉదయం పాల బండి కాలువ గట్టు మీద పోతుండగా ఎడమవైపు వెనుక చక్రం ఊడి పొలంలోకి దొర్లిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ దెబ్బలు తగలలేదు. మరొక బండిని పిలిపించి, క్యాన్లు మార్చి, కేంద్రానికి చేర్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కాచి చూస్తే పాలు విరిగిపోయాయి. 18 క్యాన్లు, అంటే 720 లీటర్లు తిరిగి వచ్చాయి. ఆనాడు పాలు పోసినవారిలో ఒక్క గేదె మీద సంసారం నడుపుకొనేవారు చాలామంది ఉన్నారు. ఈ నష్టాన్ని ఎవరు భరించాలన్న తగవు మా వద్దకు వచ్చింది.

విరిగిన బోల్టులను తెప్పించి చూశాము. ఐదింటిలో మూడు బోల్టుల విరుగుడు ముఖం సగం వరకు నల్లబడి తుప్పు పట్టి ఉంది. మిగతా సగం మాత్రం తాజాగా, గరుకుగా మెరుస్తున్నది. అంటే అవి ఏనాడో బీట వారి, ఆ ఉదయం పూర్తిగా తెగాయన్నమాట. వారం క్రితం టైరు మార్చారనీ, ఆ తరువాత నట్లను మళ్ళీ ఎవరూ బిగించి చూడలేదనీ విచారణలో తేలింది.

బోల్టు ఎందుకు విరుగుతుంది?

బండి బరువును బోల్టులే మోస్తాయని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. నట్టును సరిగా బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగి, చక్రపు డిస్కును హబ్బుకు గట్టిగా అదిమి పడుతుంది. ఆ రెండింటి మధ్య కలిగే పట్టే బరువును మోస్తుంది. నట్టు వదులైతే ఈ పట్టు పోయి డిస్కు కదలటం మొదలుపెడుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ బోల్టు వంగుతుంది. కిలోమీటరు దూరానికి చక్రం నాలుగు వందల సార్లకు పైగా తిరుగుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో బోల్టూ అలాగే తెగుతుంది. 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు. 25 క్యాన్లు ఎక్కిస్తే, క్యాన్ల బరువు కాక, పాల బరువే టన్ను దాటుతుంది.

అతిగా బిగించినా ముప్పే. పానాకు పొడవాటి గొట్టం తగిలించి, దానిపై నిలబడి తొక్కితే బోల్టు మితిమీరి సాగి బలం కోల్పోతుంది. గాలి మిషనుతో అదేపనిగా బిగించినా ఇంతే. డిస్కుకూ హబ్బుకూ మధ్య తుప్పు, మట్టి, మందపాటి రంగు పొర ఉంటే, అవి కొంత దూరం నడిచాక రాలిపోయి నట్టు వదులవుతుంది. పాల బండికి ఒలికిన పాలు, క్యాన్లు కడిగిన నీళ్ళ తడి ఎప్పుడూ తగులుతుంటుంది కనుక తుప్పు సమస్య ఎక్కువ.

ముందుగా గుర్తించటం ఎలా?

నట్టు చుట్టూ తుప్పు చారలు కనిపించటం, డిస్కు రంధ్రం కోలగా సాగటం, నట్టు కింద లోహం అరిగి మెరవటం, మెల్లగా పోతున్నప్పుడు చక్రం వద్ద టకటక చప్పుడు రావటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బండిని ఆపి చూడాలి.

నివారణ

1. చక్రం తీసిన ప్రతిసారీ హబ్బు ముఖాన్నీ, డిస్కు ముఖాన్నీ తీగ బ్రష్షుతో శుభ్రం చేయాలి.
2. నట్లను వరుసగా కాక, ఒకటి విడిచి ఒకటి చొప్పున ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగించాలి.
3. చివరి బిగింపు కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలత ప్రకారం, కొలత చూపే పానాతో చేయించాలి.
4. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచాక తప్పక మళ్ళీ బిగింపు చూడాలి.
5. పుస్తకంలో చెబితే తప్ప మరలకు నూనె, గ్రీజు పూయరాదు. పూస్తే అదే బలానికి బోల్టు ఎక్కువ సాగుతుంది.
6. పాత జీపు తరహా బండ్లలో కొన్నింటికి ఎడమ చక్రాలకు ఎడమ మర ఉంటుంది. ఇది తెలియక ఎదురు తిప్పి విరగగొట్టినవారు ఉన్నారు.

విరిగిన బోల్టును మార్చే విధానం

బండిని చదునైన చోట నిలిపి, క్యాన్లు దించి, మిగతా చక్రాలకు దిమ్మెలు అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లను కొద్దిగా వదులు చేసి, తరువాత జాకీతో ఎత్తి, స్టాండు పెట్టాలి. వెనుక బ్రేకు డ్రమ్ము తీయాలంటే హ్యాండుబ్రేకు వదలవలసి ఉంటుంది కనుక ముందు చక్రాల అడ్డు తప్పనిసరి.

డ్రమ్ము తీశాక విరిగిన ముక్కను ముందు నుండి వెనుకకు బయటకు తీయాలి. పెద్ద సుత్తితో బాదితే బేరింగు చెడుతుంది. ప్రెస్సుతో గాని, తగిన పనిముట్టుతో గాని నెట్టించటం మేలు. కొన్ని బండ్లలో హబ్బునే విప్పవలసి వస్తుంది. ఆ పని మెకానిక్కుకే వదలాలి.

కొత్త బోల్టు అదే కొలతది, అదే మరది కావాలి. దాని మెడ మీది గాడులను రంధ్రంలోని పాత గాడులకు కుదిర్చి, వెనుక నుండి దూర్చాలి. ముందు వైపు కొన్ని వాషర్లు వేసి, ఒక పాత నట్టును చదును వైపు వాషర్లకు ఆనించి బిగిస్తే బోల్టు తల హబ్బుకు ఆనేవరకు లోపలికి వస్తుంది. ఆ నట్టును తిరిగి వాడరాదు. ఒక బోల్టు విరిగితే దానికి అటూ ఇటూ ఉన్నవాటిని, రెండు విరిగితే ఆ చక్రానివన్నీ మార్చాలి. విరిగినదానికి వెల్డింగు చేయించటం ఎంతమాత్రం తగదు. వేడికి బోల్టు గట్టితనం పోతుంది.

సంఘాలకు మనవి

పై తగవులో నష్టాన్ని చెరి సగం రవాణా కాంట్రాక్టరు, సంఘం భరించేటట్లు ఒప్పించాము. ఆ సగం సంఘం నిధి నుండే పోయింది. అంతకు నెల ముందు ఆ సంఘాన్ని తనిఖీ చేసినవారము మేమే. బండి లాగుపుస్తకం చూసి సంతకం చేశాము కాని, చక్రం దగ్గర వంగి చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాము.

కిరాయి బండి ఒప్పందంలో వారానికొకసారి నట్ల తనిఖీ, లాగుపుస్తకంలో దాని నమోదు అనే షరతు చేర్చుకోండి. డ్రైవరు "ఐదింటిలో నాలుగున్నాయి గదండీ, పోతుంది లెండి" అంటే బండిని పంపవద్దు. బోల్టు, నట్టు కలిపి అయ్యే ఖర్చు ఒక్క క్యాను పాల ధరకన్న ఎంతో తక్కువ. ఆ కొద్ది ఖర్చుకు వెనుకాడితే పోయేది తెల్లవారుజామున లేచి పాలు పితికినవారి కష్టం.