ధాన్యపు బేరము – ఒప్పందపు కాగితము



నేను వకీలును. అయితే కోర్టులో వాదించుటకంటె, సరకు కొనువారికిని అమ్మువారికిని నడుమ ఒప్పందపత్రములు వ్రాయుటయే నాకు ముఖ్యవృత్తి. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములందు వరిసాగు విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. సూర్యాపేటలో వ్యవసాయ మార్కెట్టు కలదు. కావున నా యొద్దకు వచ్చు పత్రములు చాలవరకు ధాన్యము, గోనెసంచులు, లారీ కిరాయిలను గూర్చినవే.

కొన్నియేండ్ల క్రిందట ఒక మిల్లు పక్షమున పత్రము వ్రాయుచు, “సరకు నాణ్యమును కొనువారే నిర్ణయింతురు” అను వాక్యమును చేర్చితిని. కక్షిదారునకు మేలు చేసితి ననుకొంటిని. ఆ పంటకాలముననే కోదాడవైపు వృద్ధుడగు రైతొకడు నా యింటికి వచ్చెను. ధాన్యము దించుకొన్న ఆరవనాడు, తేమ హెచ్చుగా నున్నదని ధర తగ్గించిరట. అతడు చూపిన కాగితములోని వాక్యము నాదే. ఎదుటిపక్షమునకు సలహా చెప్పుట వృత్తిధర్మము కాదు గనుక, వేరొక వకీలును చూడుమని పంపివేసితిని. కాని నాటిరాత్రి నాకు నిదుర పట్టలేదు.

1930 సంవత్సరపు సరకుల విక్రయచట్టము ప్రకారము, కొనువాడు సరకును పరీక్షించుకొనవచ్చును. అయితే కాదనక, తగిన కాలము గడచువరకు తనయొద్దనే యుంచుకొన్నచో, దానిని అంగీకరించినట్లే యగును. ఇది అమ్మువానికి రక్ష. కాని తుదిమాట కొనువానిదే యని పత్రమున నున్నచో ఈ రక్ష బలహీనపడును. 1872 నాటి కాంట్రాక్టు చట్టము నోటిమాట బేరమును గూడ ఒప్పుకొనును. దానిని రుజువు చేయుటయే కష్టము.

మరునాడే మిల్లువారితో మాటాడి, ఆ వాక్యమును మార్పించితిని. ఇప్పుడు నేను వ్రాయు పత్రములలో నాలుగు సంగతులు తప్పక యుండును: కాంటా ఎక్కడ వేయుదురు? తేమను ఎవరి యెదుట, ఎన్నడు కొలుతురు? తాలుకు, మట్టికి తరుగు ఎంత? సొమ్ము ఎన్నాళ్లలో చెల్లింతురు? ప్రభుత్వ కొనుగోలునందు తేమకు 17 శాతము హద్దుగా నున్నది. ప్రైవేటు బేరమునందు హద్దును మనమే వ్రాసికొనవలెను.

ఊరిపెద్దలారా! మీ యూరివారు సంతకమో వేలిముద్రయో వేయకముందే, ఆ కాగితమును నలుగురి యెదుట బిగ్గరగా చదివి వినిపింపుడు. ప్రతియొకటి అడిగి తీసికొనుడు. కాంటా రసీదును దాచుకొనుమని చెప్పుడు. లారీ కదలిన పిమ్మట వకీలు చేయగలిగినది స్వల్పము. కదలకముందు మీరు చేయగలిగినది మిక్కిలి.