చేపల్లోనూ సఖ్యత చూడాలి!

అమెరికాలో మా అమ్మాయింట్లో పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం ఉంది. మొదట్లో నీలంగా ముచ్చటగా ఉన్నాయని మూడు డామ్సెల్ చేపలు వేసింది. తర్వాత తెచ్చిన నారింజరంగు క్లౌన్ చేపను అవి తరిమి తరిమి, రెక్కలు కొరికి వారంలోపే చంపేశాయి. మనవడు ఒకటే ఏడుపు!

చేపలు కొనేముందు రంగు కాదండీ, గుణం చూడాలి. సీతాకోకచిలుక చేపల్లో చాలా రకాలు పగడాలనే కొరుక్కు తింటాయి. లయన్ చేప పగడాల జోలికి పోదు గానీ, నోట్లో పట్టే చేపనీ రొయ్యనీ మింగేస్తుంది. క్లౌన్ జంట, చిన్న గోబీలు, ఫైర్‌ఫిష్ అయితే సర్దుకుపోతాయి. ఫైర్‌ఫిష్ బెదిరితే ఎగిరి బయటపడుతుంది. పైన సన్నటి వల కప్పాలి.

కొత్త తొట్టిలో నీరు కుదురుకోవడానికి నెల, నెలన్నర ఆగాలి. ఆ తర్వాత సాధువుల్ని ముందు, గడుసువాటిని ఆఖర్న, రెండేసి వారాల ఎడంతో వేయాలి. ముందొచ్చింది చోటంతా తనదే అనుకుంటుంది మరి!

డామ్సెల్స్‌ని షాపుకి తిరిగిచ్చేశాక ఇప్పుడు క్లౌన్ జంట హాయిగా తిరుగుతోంది. మేత వేసే పని మనవడిదే.

ఒక్క మాట. మన దేశంలో రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.