సర్టిఫికెట్ ఉంది, మరి చేసిన పని ఏది?

మన సొసైటీ ఫీజు సాయంతో ఐటీఐలో ఏసీ మెకానిక్ కోర్సు పూర్తి చేసిన అబ్బాయి ఒకడు కిందటేడు మా ఇంటికి వచ్చాడు. హైస్కూల్లో నా దగ్గర చదివినవాడే. మార్కులు బాగున్నాయి. ఇరవై చోట్ల బయోడేటా ఇస్తే ఒక్క చోట నుంచి పిలుపు వచ్చింది. అక్కడి యజమాని, "నీ చేత్తో ఏమేం బాగు చేశావో చెప్పు బాబూ" అని అడిగాడట. మనవాడు సర్టిఫికెట్ చూపించి ఊరుకున్నాడు. ఉద్యోగం రాలేదు.

తప్పు యజమానిది కాదు. సర్టిఫికెట్ ఏం చదివాడో చెబుతుంది గాని, ఏం చేయగలడో చెప్పదు. కస్టమర్ ఇంట్లో మిషను పాడుచేస్తాడేమోనన్న భయం యజమానికి ఉంటుంది. మామూలుగా ఆ భయాన్ని పోగొట్టేది ఒక తెలిసినవాడి మాట: "కుర్రవాడు నాకు తెలుసు, పని వచ్చు."

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో ఉద్యోగుల్ని అడిగి, 1974లో పుస్తకం రాశారు. అందులో సుమారు 56 శాతం మందికి ఉద్యోగం పరిచయాల ద్వారానే దొరికింది. విశేషమేమంటే, వారికి కబురు చెప్పినవారిలో చాలామంది దగ్గరి బంధువులు కారు, అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్థులు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన విషయాలు ఒక్కటే. కొత్త కబురు బయటి నుంచే రావాలి. పేద కుటుంబాల పిల్లలకు లేనిది ఆ బయటి పరిచయమే.

అది దొరికే లోపల పిల్లవాడు తన చేతిలో ఉన్న పని చేయవచ్చు. మావాడి చేత ఒక నోటుబుక్కు పెట్టించాను. చుట్టుపక్కల ఇళ్లలో చేసిన ప్రతి మరమ్మతుకు ఒక పేజీ. తేదీ, ఫిర్యాదు, కారణం, తాను చేసింది, ముందూ తర్వాతా ఫోనుతో తీసిన ఫొటోలు. ఒక పేజీలో ఇలా రాశాడు: "చల్లదనం తగ్గింది. సబ్బు నురగ పెట్టి చూస్తే నట్టు దగ్గర గ్యాస్ లీకు. లీకు సరిచేసి, వాక్యూమ్ తీసి, తూకం ప్రకారం గ్యాస్ నింపాను." లీకు వెతక్కుండా గ్యాస్ మాత్రమే నింపి వెళ్లేవాడు కాదని పని తెలిసిన యజమానికి ఈ మూడు వాక్యాలు చాలు. చెడగొట్టి మళ్లీ సరిచేసిన పని కూడా రాయించాను. నిజాయితీ అక్కడే తెలుస్తుంది. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం రాయకూడదు.

బీకాం చదివిన అమ్మాయి ఎవరి లెక్కలూ బయట పెట్టలేదు. ఒక ఊహాజనిత కిరాణా దుకాణానికి నెల రోజుల లెక్కలు ట్యాలీలో రాసి, జీఎస్టీ బిల్లులతో, బ్యాంకు ఖాతాతో సరిపోల్చి చూపవచ్చు. మగ్గం పని నేర్చిన అమ్మాయి కుట్టిన నమూనాలు, ఒక్కోదానికి పట్టిన గంటలు రాసిపెట్టుకోవచ్చు.

మావాడు ఎనిమిది పేజీలు నిండాక అదే యజమాని దగ్గరికి మళ్లీ వెళ్లాడు. ఆయన ఒక పేజీ దగ్గర ఆగి ప్రశ్నలు వేశాడట. ఈసారి వీడు పది నిమిషాలు మాట్లాడాడు. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాడు.

దాతలకు నా మనవి ఒక్కటే. దక్షిణాఫ్రికాలో ఆర్థికవేత్తలు చేసిన ఒక ప్రయోగంలో, పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం జోడించిన దరఖాస్తులకు పిలుపులు సుమారు 60 శాతం పెరిగాయి. ఫీజు కట్టాక మన బాధ్యత తీరిందనుకోకండి. ఏడాదికి ఒక్క బిడ్డ నోటుబుక్కు అరగంట కూర్చుని చూడండి. వీలైతే మీ ఇంట్లోనో దుకాణంలోనో చిన్న పని ఇచ్చి చూడండి. కళ్లారా చూసింది నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టండి. చూడనిది రాయవద్దు, మీ మాటకు విలువ పోతుంది. ఆ కాగితం తీసుకుని మీకు తెలిసిన ఒక్కరి దగ్గరికి ఆ బిడ్డను పంపండి. వారికి లేని ఆ ముఖపరిచయం మీరే కాగలరు.