వాతమనుకుంటే లూపస్ కావచ్చు: ఆనవాలు రక్తంలోనే

కీళ్ళ నొప్పులు, విడవని జ్వరం, ఎండకు బుగ్గల మీద తేలే ఎర్రని మచ్చ, నోట్లో పుండ్లు, దువ్వెనకు కుచ్చులుగా వచ్చే జుట్టు. నాట్లకు, కలుపుకు వెళ్ళే వయసు స్త్రీలలో ఇవి కనిపిస్తే వాతమనీ, వేడి చేసిందనీ అనుకోవడం పల్లెల్లో పరిపాటి. ‘లూపస్’ అనే జబ్బు కూడా ఇలాగే ఉంటుంది. ఇది వచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆడవారే. అంటువ్యాధి కాదు.

క్రిములను ఎదుర్కోవటానికి మన రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి. లూపస్‌లో ఇవి సొంత శరీరం మీదనే పడతాయి. కంచే చేను మేసినట్లన్నమాట. ఇలా దారితప్పిన వాటిని ఆటో యాంటీబాడీలంటారు. డాక్టర్లకు జబ్బు ఆచూకీ తెలిపేదీ ఇవే.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం ‘ఎల్.ఇ. కణం’ కనిపెట్టింది. చాలాకాలం అదే పరీక్ష. ఇప్పుడు మొదట ఎ.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు. లూపస్ రోగుల్లో నూటికి 95 మందికి పైగా ఇది పాజిటివ్ వస్తుంది. అయితే చిక్కంతా ఇక్కడే ఉంది. రక్తపు తేటను 80 రెట్లు పలచన చేసి చూసినా, ఏ జబ్బూ లేనివారిలోనే నూటికి 13 మందికి పాజిటివ్ వచ్చినట్లు 1997 నాటి పరిశోధన తేల్చింది. కనుక ఈ ఒక్క రిపోర్టు చూసి బెంబేలు పడనక్కరలేదు. ఒంట్లో లక్షణాలూ ఉంటేనే డాక్టరు తర్వాతి పరీక్షలకు వెళతారు.

వాటిలో డి.ఎస్. డి.ఎన్.ఎ. యాంటీబాడీ ముఖ్యమైనది. అది పెరుగుతున్నదంటే మూత్రపిండాలపై కన్నువేయాలి. 1966లో టాన్, కుంకెల్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించిన ‘ఎస్.ఎమ్.’ యాంటీబాడీ కొద్దిమందిలోనే దొరుకుతుంది, దొరికితే మాత్రం లూపస్ అని దాదాపు నిశ్చయమే. స్మిత్ అనే రోగి పేరులోని మొదటి రెండక్షరాలే దానికి పెట్టారు.

గర్భిణులకు చేసే వి.డి.ఆర్.ఎల్. పరీక్ష సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. సవాయి రోగం లేకపోయినా కొందరు లూపస్ స్త్రీలకు ఉన్నట్లే చూపిస్తుంది. కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థంపై పనిచేసే ఆటో యాంటీబాడీలే దీనికి కారణం. ఆ కాగితం పట్టుకుని కోడలి నడతను శంకించడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా? టి.పి.హెచ్.ఎ. పరీక్ష చేయిస్తే నిజం తేలుతుంది. పదేపదే గర్భం పోవటానికీ, రక్తం గడ్డకట్టటానికీ ఈ యాంటీబాడీలే కారణం కావచ్చు గనుక ఆ విషయం డాక్టరుకు చెప్పి తీరాలి. ‘రో’ యాంటీబాడీ ఉన్న తల్లులకైతే కడుపులోని బిడ్డ గుండె కొట్టుకునే తీరును కూడా కనిపెట్టి చూస్తారు. నూటికి ఇద్దరు బిడ్డల్లో అది మందగిస్తుంది.

హైదరాబాదు నిమ్స్‌లో కీళ్ళవాత వ్యాధుల విభాగం ఉంది. అంతదూరం పోయేలోగా దగ్గరి ఆస్పత్రిలో రక్తపోటు, మూత్రంలో ప్రోటీను చూపించుకోవచ్చు. వీటికి పెద్ద ఖర్చు కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు రాస్తే నొప్పి తగ్గిందని మానరాదు. ఏటేటా కళ్ళు పరీక్ష చేయించుకోమంటే చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకువెళ్ళాలి.